గుద్దుకు ఎంత మార్కు వేద్దాం?

1931 నవంబరులో, షికాగో పక్కనున్న సిసెరోలో, వెస్టర్న్ ఎలక్ట్రిక్ వారి హాతోర్న్ కర్మాగారం 14 మందిని విడిగా ఒక గదిలో కూర్చోబెట్టింది. తొమ్మిది మంది టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు వైర్లు బిగించేవాళ్లు, ముగ్గురు సోల్డరింగ్ చేసేవాళ్లు, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. గమనించి రాసుకోవడానికి ఒక పరిశీలకుడు. జట్టు ఎంత ఎక్కువ చేస్తే కూలి అంత పెరుగుతుంది. అయినా రోజుకు రెండు పరికరాలైతే చాలని వాళ్లలో వాళ్లే తేల్చుకున్నారు. జోరు పెంచినవాడి భుజం మీద పక్కవాడి గుద్దు పడేది. మరీ తక్కువ చేసినా ఊరుకునేవాళ్లు కాదు. పైవాళ్లకు చాడీలు మోయడం అసలే కూడదు. ఇదంతా ఏ నోటీసు బోర్డు మీదా లేదు.

ఈ గదిని కంప్యూటర్లోకి ఎక్కించవచ్చు. పక్కవాళ్లు నిన్నటిదాకా ఏం చేశారో కాస్త చూసి, దానికి తగ్గట్టు నడుచుకుని, అప్పుడప్పుడూ తప్పటడుగు వేసే మనుషులుంటే చాలు, ఎవరూ తలపెట్టకుండానే ఒక అలవాటు పాతుకుపోతుందని ఆటల సిద్ధాంతంతో పేటన్ యంగ్ 1993లో చూపించాడు. ఏ అలవాటు ఎక్కువకాలం నిలుస్తుందో తేల్చడంలో ఆ తప్పటడుగులదే పెద్ద పాత్రట. నాకు నచ్చిన మాట ఇది.

కానీ అలాంటి ఆటలో ప్రతి ఎత్తుకూ మార్కు వేయాలి. గుద్దుకు ఎన్ని మార్కులు తీసేయాలి? మైనస్ రెండా? అది శిక్షా, లేక "నువ్వు మావాడివేరా" అని చెప్పడమా? తిన్నవాడికి రెండూ ఒకేసారి తెలిసి ఉండవచ్చు. మార్కుల పట్టికలో మాత్రం ఒక గడికి ఒకటే అంకె.

ఎక్కువ చేస్తే కూలి రేటు కోసేస్తారని ఆ గదిలోవాళ్ల భయం. అలాంటిది వీళ్లెవరికీ స్వయంగా అనుభవం కాలేదని పరిశోధకులు రోత్లిస్‌బర్గర్, డిక్సన్ 1939 నాటి పుస్తకంలో రాశారు. అందుకని అది ఉత్త భ్రమేనా? కంప్యూటర్లోని బొమ్మమనిషి ఖాళీ జ్ఞాపకంతో పుడతాడు. మనం పుట్టేసరికే ఇంకొకరి దెబ్బలు మన జ్ఞాపకంలో చేరి ఉంటాయి.

1932 మేలో, మాంద్యం ముదిరి, పని లేక ఆ గదిని మూసేశారు. కంప్యూటర్లోకి ఎక్కించిన ఆటలో ఎత్తులన్నీ ఆ 14 మందివే. రేటు నిర్ణయించేవాడు, గది మూసేవాడు మాత్రం ఆటగాళ్లు కాదు, ఆట నియమాలు. వాళ్లనూ లోపలికి దించి, వాళ్లకూ భయం, పొరపాటు, పక్కవాడి గుద్దు పెట్టి మళ్లీ నడిపితే రోజుకు ఎన్ని పరికరాల దగ్గర ఆగుతుంది? ఆ ప్రోగ్రాం రాయించడానికి డబ్బిచ్చేదెవరు?