మామూలుది, సేఫ్టీది

1870లలో ఇంగ్లండు రోడ్ల మీద తిరిగిన ఎత్తు చక్రం సైకిల్‌ని మనం బొమ్మల్లో చూసే ఉంటాం. చైన్ లేదు. పెడల్స్ ముందు చక్రానికే ఉండేవి. చక్రం ఎంత పెద్దదైతే ఒక్క తొక్కుడుకి అంత దూరం. అందుకే కొన్ని చక్రాలు అయిదడుగుల ఎత్తు దాకా పెరిగాయి. సీటేమో దాదాపు ఆ చక్రం మీదే. దారిలో రాయి తగిలినా, బ్రేకు గట్టిగా పడినా మనిషి హ్యాండిల్ మీదుగా తలకిందులుగా పడేవాడు. కాళ్లు హ్యాండిల్ కింద ఇరుక్కుపోవడంతో దూకే వీలూ తక్కువే. ఆ పాటుకి ‘హెడర్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు!

మార్పులు ఒక్కొక్కటిగా వచ్చాయి. పడితే పాదాల మీద పడేలా హ్యాండిల్‌ని కాళ్ల వెనక్కి మార్చారు. అమెరికన్ స్టార్ చిన్న చక్రాన్నే ముందుకు తెచ్చింది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తెచ్చిన రోవర్ వెనక చక్రానికి చైన్ బిగించి, సీటుని కిందికి దించింది. దీన్ని ‘సేఫ్టీ’ అన్నారు, పాతదాన్ని ‘ఆర్డినరీ’ అన్నారు. ప్రాణం మీదికి తెచ్చేది మామూలుదట, ప్రాణం నిలిపేదానికి వేరే పేరు కావలసి వచ్చిందట.

ఎత్తు చక్రం ఆడవాళ్లకి చేతకాదన్నది అబద్ధం. 1880లలో లూయీజ్ అర్మైండో, ఎల్సా వాన్ బ్లూమెన్ అమెరికాలో వాటి మీదే పందేలు తొక్కారు. మిగిలిన వాళ్లకి మూడు చక్రాల బండి చూపించారు.

భద్రతకి రెండు దారులున్నాయి. మనిషిని ఆపడం ఒకటి, వస్తువుని బాగుచెయ్యడం రెండోది. మనకెప్పుడూ దక్కింది మొదటిదే: చీకటి పడింది, బయటికెళ్లకు. స్టార్లీ సైకిల్ రెండో దారి పట్టింది, మన కోసమని కాకపోయినా. యంత్రం బాగుపడ్డాక ప్రమాదం ఎక్కడికి పోయింది? ఆడవాళ్ల ఒంట్లోకి! 1890లలో డాక్టర్లు ‘సైకిల్ ముఖం’ అనే జబ్బు కనిపెట్టారు. తొక్కితే మొహం బిగుసుకుపోతుందట.

అయితే వస్తువుని బాగుచెయ్యడం కూడా అంత తేలిక లెక్క కాదు. పొడవాటి స్కర్టులు చక్రంలో చిక్కుకునేవి. అందుకని ఆడవాళ్ల సైకిల్ ఫ్రేముని కిందికి వంచారు, వెనక చక్రానికి వల కట్టారు. యంత్రం వంగింది గానీ స్కర్టు అలాగే ఉంది. దుస్తుల్నే మార్చాలని లండన్‌లో 1881లోనే ఒక సంఘం మొదలైంది. దాని నాయకురాలు లేడీ హార్బర్టన్ 1898లో వదులు నిక్కరు వేసుకుని, సైకిల్ మీద సర్రేలోని ఒక హోటల్‌కి క్షేమంగానే చేరింది. యజమానురాలు ఆ దుస్తులు చూసి కాఫీ గదిలోకి రానివ్వలేదు. కావాలంటే బార్ గదిలో తినమంది. మరుసటి ఏడు కోర్టులో యజమానురాలే గెలిచింది.