మధ్యవర్తి కానట్టి దాసోహము



ఒకరికి పని చేసిపెట్టుట మేలా, ఆ పని చేసికొనుట నేర్పుట మేలా? ఆకలిగొన్నవాని విషయమున సందేహము లేదు. ముందు అన్నము పెట్టవలెను. విద్య విషయమున జవాబు అంత సులభము కాదు. ఫోను వాడుక తెలియని వారికి ఒక సంవత్సరకాలము తోడుపడవలెనని సంకల్పించి బిచ్కుందలో పని ప్రారంభించిన నాకు మొదటి వారముననే ఈ ప్రశ్న ఎదురైనది.

మాది మూడు రాష్ట్రముల సరిహద్దు సీమ. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును మా సంతలో వినవచ్చును. నోటి మాటకు ఇచ్చట హద్దు లేదు. తెరమీది అక్షరమునకు మాత్రము హద్దు కలదు. 2011లో మీసేవ వచ్చినది. భూముల లెక్క 2020లో ధరణికిని, 2025లో భూభారతికిని ఎక్కినది. కరోనా కాలమున, 2020 సెప్టెంబరు 1 నుండి, పిల్లల పాఠములు సైతము టీవీకిని ఫోనుకును చేరినవి. 2017-18 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారము దేశమందలి గ్రామీణ కుటుంబములలో కంప్యూటరు గలవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యము గలవి 14.9 మాత్రమే. తరువాత ఫోనులు పెరిగినవి, నిజమే. కాని చేతిలో ఫోను ఉండుట వేరు, దానిని స్వయముగా వాడుకొనగలుగుట వేరు.

మొదటి వారమున ఒక అవ్వ వచ్చెను. పింఛను పడినదో లేదో చూడవలెను. కొడుకు కొనిచ్చిన ఫోనును నా చేతిలో పెట్టి, తన పిన్ను అంకెలను నలుగురును వినునట్లు బిగ్గరగా చెప్పెను. నేను నిమిషములో చూచి, డబ్బు పడినదని చెప్పితిని. ఆమె దీవించెను. నాకును గర్వము కలిగెను. పోవుచు ఆమె ఒక మాట అడిగెను: "వచ్చే నెల గూడ నువ్వే చూస్తవు గదా బిడ్డా? నువ్వు లేకుంటె నేనెవరికి చూపియ్యాలె?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఆమెకు చేసినది సేవయా? లేక ఆమెకును ఆమె సొమ్మునకును నడుమ ఒక కొత్త పూజారినై నిలిచితినా?

బసవేశ్వరుడు ఇష్టలింగమును ప్రతి భక్తుని అరచేతికి చేర్చెను. స్త్రీ యనిగాని, కులము తక్కువ యనిగాని భేదము చూపలేదు. భక్తునికిని శివునికిని నడుమ గుడి గడప అక్కరలేదు, అర్చకుని చేయి అక్కరలేదు. ఫోనును లింగముతో పోల్చుట నా ఉద్దేశము కాదు, అది అపచారము. నేను చెప్పునది ఆ సంస్కరణలోని నీతి. తనకు రావలసినది ఇంకొకరి చేతిమీదుగానే అందవలసి వచ్చినచో, ఆ చేయి ఎంత మంచిదైనను, అచ్చట ఒకనిపై ఇంకొకనికి అధికారము పుట్టును. శాస్త్రజ్ఞానము సంస్కృతమున నిలిచియున్న కాలమున శరణులు ప్రజల కన్నడమున వచనములు పలికిరి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెలుగు ద్విపదలో వ్రాసెను. అనుభవమంటపమున చాకలి మాచయ్య తన అనుభవమును తానే పలికెను. అతని పక్షమున వేరొకరు పలుకలేదు.

ఇందుకు ఒక ఆక్షేపణ కలదు. కన్ను కనబడని వృద్ధునితో, మందుల డబ్బు కొరకు వచ్చినవానితో, "నేర్చుకొని రమ్ము" అనుట నిర్దయ కాదా? ముమ్మాటికిని నిర్దయయే. దృష్టిలోపము గలవారు, యాసిడ్ దాడి బాధితులు వేసిన వ్యాజ్యములలో 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకొనుట రాజ్యాంగపు 21వ అధికరణము చెప్పు జీవించు హక్కులో భాగమని తీర్పు చెప్పినది. అనగా భారమంతయు నేర్చుకొనువానిపై మోపరాదు. తలుపును కూడ అందరును ప్రవేశించునట్లు కట్టవలెను. నేర్వలేని వారికి కార్యాలయపు కిటికీ వద్ద మనిషి ఉండి తీరవలెను. మన స్వచ్ఛంద సేవ ఆ బాధ్యతను మరపింపరాదు.

నేర్వగలవారు మనము తలచినదానికంటె ఎక్కువ. కేరళలో పుల్లంపార అను పంచాయతీ 2022లో సంపూర్ణ డిజిటల్ అక్షరాస్యత సాధించినది. 2025 ఆగస్టులో ఆ రాష్ట్రమంతయు అట్లే ప్రకటింపబడినది. అచ్చట వాలంటీర్లు జనులను తరగతికి పిలిచి ఊరకుండలేదు. ఇండ్లకును, ఉపాధి హామీ పనులు జరుగుచోట్లకును తామే పోయిరి. వృద్ధులును నేర్చిరి.

కావున ఈ సంవత్సరమునకు నేను కొన్ని నియమములు పెట్టుకొంటిని. ఫోను వారి చేతిలోనే ఉండవలెను. నొక్కు వేలు వారిదే కావలెను. పిన్నును నేను వినను, ఓటీపీని చూడను. బసవేశ్వరుడు బిజ్జలుని భండారి. పరుల సొమ్మునకు కావలి యుండువాడు ఎంత నిర్మలుడు కావలెనో ఆయన జీవితమే చెప్పును. ప్రతిఫలముగా పైసయు తీసికొనను. రాలిన బియ్యమేరి జీవించిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపినది. సేవకునికి పొగడ్త కూడ అట్టి అదనపు బియ్యమే. అవ్వ దీవెనతో నాకు కలిగిన గర్వమును నేనును తిరిగి ఇచ్చివేయవలెను.

పది దినములకు అవ్వ మరల వచ్చెను. ఈసారి ఫోను అందుకొనలేదు. ప్రక్కన కూర్చుండి గుర్తులు మాత్రము చెప్పితిని. పిన్ను నొక్కునపుడు నేను ముఖము త్రిప్పుకొంటిని. ఆమె రెండు మారులు తప్పు నొక్కెను. అరగంట పట్టినది. వెనుకనున్నవారు విసుగుకొనిరి. నిమిషములో ముగించవలెనని నా చేయియు తహతహలాడినది. ఆ చేతిని ఆపుకొనుటయే ఆనాటి నా కాయకము.

మూడవమారు తెరపై అంకె కనబడగానే, ఆమె దానిని నాకు చూపక, కొంగుచాటున పెట్టుకొని తానే చదువుకొనెను. ఎంత పడినదో నాకు చెప్పలేదు. నేను అడుగలేదు.

సంవత్సరాంతమున ఎందరు నన్ను వెదకికొని వచ్చిరని లెక్కించుట నా గురి కాదు. ఎందరికి నా అక్కర తీరినదో అదియే లెక్క. దాసోహమనగా తాను దాసుడనని తలచుట. ఎదుటివానిని దాసుని చేసికొనుట కాదు. ప్రతి గ్రామమున ఒక్కరైనను వారమునకు ఒక గంట ఇట్లు కూర్చుండినచో, మన మఠముల మంటపములు మరల అనుభవమంటపములగును.