ఒకే అచ్చు, వేరు వేరు పలుకు



మన కడప మేత్రాసనంలో విచారణ పండుగంటే తేరు ముందు బ్యాండ్ మేళం ఉండవలసిందే. వీరపునాయునిపల్లె మండలంలోని చిన్న పల్లెకైనా ప్రొద్దుటూరు నుండో పులివెందుల నుండో మేళగాళ్లను పిలిపించుకోవడం కద్దు. ఆ మేళంలో రెండు ట్రంపెట్లు ఉన్నాయనుకోండి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి, ఒకే రోజున కొన్నవి. అయినా వాయించేవారిని అడిగి చూడండి. ఒకటి తేలికగా పలుకుతుందని, రెండవది పైస్థాయిలో మొరాయిస్తుందని చెబుతారు. ఇది వారి భ్రమ కాదు.

మన దేశంలో బ్యాండు వాద్యాలకు పేరుపొందిన ఊరు ఉత్తరప్రదేశ్‌లోని మీరట్. అక్కడి నాదిర్ అలీ కంపెనీ 1885లో మొదలైంది. ఈ పనిలో చేతి నేర్పుదే పెద్ద పాత్ర. ఇత్తడి రేకును సాగగొట్టి గంట ఆకారానికి తెచ్చేటప్పుడు ఒకచోట రేకు కొంచెం పలచబడుతుంది, మరొకచోట మందంగా నిలుస్తుంది. మామూలు ట్రంపెట్ గొట్టాన్ని చాపితే సుమారు 148 సెంటీమీటర్లు ఉంటుంది. మూతి దగ్గర ఆ గొట్టంలో చిన్న సొట్టపడినా, టంకం బొట్టు మిగిలిపోయినా పలుకు మారిపోతుంది. పిస్టన్‌కూ దాని గూటికీ మధ్య ఖాళీ వెంట్రుక మందం కంటే తక్కువ. అది అరిగితే గాలి కారిపోతుంది.

గమనించారా? ఇక్కడ తేడాలు రెండు రకాలు. చేసినవాని చేతిలోనే వచ్చినది మొదటిది. అది ఆ వాద్యపు గొంతు. వాడకంలో, నిర్లక్ష్యంలో, దెబ్బల వలన వచ్చినది రెండవది. దానిని బాగుచేయవచ్చు.

మనుషుల విషయంలో ఈ రెండింటినీ కలిపేస్తున్నాము. ఒక తల్లి కడుపున పుట్టి, ఒకే బడిలో చదివి, ఒకే తొట్టి దగ్గర జ్ఞానస్నానం పొందిన అన్నదమ్ములను పక్కపక్కన నిలబెట్టి, “నీ అన్నకు వచ్చినట్టు నీకెందుకు రాదురా?” అంటాము. మన రాష్ట్రంలో 2023 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజుల్లోనే పలువురు విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఇళ్లలో ఏం జరిగిందో తీర్పు చెప్పడం మన పని కాదు. మన ఇంట్లో మనం ఆడే మాట ఎటువంటిదో చూసుకోవడం మాత్రం మన పనే.

“అయితే అందరికీ ఒకే కొలత వద్దా? ఎవరి ఇష్టం వారిదేనా?” అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. మేళగాళ్లు ఊరేగింపుకు ముందు ఏం చేస్తారో చూడండి. ట్రంపెట్‌కు శ్రుతి సరిచేసే జారుడు గొట్టం ఒకటుంది. ఒకరు దానిని కాస్త ఎక్కువ లాగుతారు, మరొకరు తక్కువ. రెండింటినీ సమానంగా లాగితే శ్రుతి కలవకపోవచ్చు. చేరవలసిన స్వరం ఒక్కటే, దానిని చేరే కొలతలు వేరు. దేవుని ఆజ్ఞలు అందరికీ ఒక్కటే. వాటి దగ్గరకు బిడ్డను నడిపించే ఓర్పు ఒక్కొక్కరికి ఒక్కో పాళ్లలో కావాలి.

సంఖ్యాకాండంలో దేవుడు మోషేను వెండిని సాగగొట్టి రెండు బాకాలు చేయమన్నాడు. ఒక్కటే మోగితే నాయకులు మాత్రమే రావాలి. రెండూ మోగితే సమాజమంతా చేరాలి. సుత్తితో చేసిన ఆ రెండూ అచ్చంగా ఒకేలా పలికి ఉంటాయా? అయినా ప్రజలందరినీ పిలవడానికి రెండూ కావలసివచ్చాయి. ప్రభువు చెప్పిన ఉపమానంలో అయిదు తలాంతుల సేవకునికీ, రెండు తలాంతుల సేవకునికీ యజమాని నుండి దక్కిన మెప్పు ఒక్కటే. మూడవవాడు దోషి అయింది ఒక్కటే తలాంతు ఉన్నందుకు కాదు, దానిని పాతిపెట్టినందుకు.

కాబట్టి, సోదరీ సోదరులారా, ఫలితాలు వచ్చిన రోజున పక్కింటి పిల్లవాని మార్కులు అడిగే ముందు మీ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకోండి. కంటిచూపు బాగుందా, బడిలో ఎవరైనా వేధిస్తున్నారా, మనసులో ఏదైనా భయం ఉందా అని తెలుసుకోండి. అవి సొట్టలు, తీయించవచ్చు. అవేవీ లేకపోతే ఆ బిడ్డ గొంతే అది. దేవుడిచ్చిన ఆ గొంతును నిదానంగా వినండి.