ఓడినవాళ్ల లెక్క

1942లో, ఫ్రాన్స్‌లో సగానికి పైగా జర్మన్ సైన్యం గుప్పిట్లో ఉన్న రోజుల్లో, మార్సే రేవు పట్నంలో తలదాచుకున్న సిమోన్ వెయిల్ అనే తత్వవేత్త బడిపిల్లల చదువు గురించి చిన్న వ్యాసం రాసి, తనకు ఆప్తుడైన ఒక క్రైస్తవ మతగురువుకు పంపారు. చదువుకూ దైవప్రేమకూ లంకె వేసే వ్యాసం అది. ఒక అమ్మాయి రేఖాగణిత సమస్య ముందు గంటసేపు మనసు నిలిపి కూర్చుంది. గంట గడిచినా ఆ సమస్య తెమల్లేదు. ఆ గంట దండగేనా? కాదంటారు వెయిల్. అలా నిలిపిన మనసే ప్రార్థనకు ప్రాణం, అది ఎప్పటికో అప్పటికి అక్కరకు రాక మానదని ఆమె నమ్మకం. దానికి రెండు షరతులు పెట్టారు. మార్కుల మీద, పరీక్ష గట్టెక్కడం మీద ఆశ పెట్టుకోకుండా చదవాలి. తప్పిన లెక్కను ముడిచి అవతల పారేయకుండా, ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో కళ్లు తిప్పుకోకుండా చూడాలి.

ఈ మాటలు అన్నది పోటీ అంటే ఏమిటో తెలియని మనిషి కాదు. ఆమె అన్న ఆంద్రే వెయిల్ ఇరవయ్యో శతాబ్దపు గొప్ప గణితవేత్తల్లో ఒకరు. 1930 నుంచి 1932 వరకు మన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు, అంతకుముందే సంస్కృతం నేర్చుకున్నారు, భగవద్గీతను జీవితాంతం దగ్గర పెట్టుకున్నారు. అంతటి అన్న పక్కన పెరిగిన సిమోన్, పద్నాలుగో ఏట తనను ఆయనతో పోల్చుకుని బతుకు మీదే ఆశ వదులుకునేంత దిగులులో పడ్డానని తర్వాత రాసుకున్నారు. సత్యం ప్రతిభావంతుల సొత్తు కాదు, మనసు పెట్టి వెతికిన ఎవరికైనా దాని వాకిలి తెరిచే ఉంటుందన్న నమ్మకం ఆ దిగులులోంచి ఆమెకు దొరికింది. ఓడినవాళ్ల వైపు నుంచి చదువును చూసిన తత్వవేత్తలు తక్కువ. ఆ కొద్దిమందిలో ఆమె ఒకరు.

ఇప్పుడు గణితపు పోటీ ఫోనులోకి వచ్చింది. లాగోస్‌లోనో లిమాలోనో గుంటూరులోనో తొమ్మిదో తరగతి పిల్ల పేరు నమోదు చేసుకుని, తన ఊరు దాటకుండానే వేరే ఖండపు పిల్లలతో పోటీ పడవచ్చు. బీద దేశాల బడులకు ఇది వరమని నిర్వాహకులంటారు. అందులో నిజం ఉంది. అయితే మనసు నిలపడం, పక్కవాణ్ని మించిపోవాలనుకోవడం ఒకే గంటలో ఒకే పిల్లలో ఇమడగలవా అన్న వెయిల్ నాటి ప్రశ్న మాత్రం ఫోనుతో తీరిపోలేదు, ఇంకాస్త పదునెక్కింది.

ఆస్ట్రేలియాలో పుట్టిన 'వరల్డ్ మ్యాథ్స్ డే'ని చూడండి. 2007లో మొదలైన ఈ ఆన్‌లైన్ పోటీలో పిల్లలు నిమిషం పాటు సాగే ఆటల్లో నోటిలెక్కలు చేస్తారు, ఎదురుగా తెరమీద ఇంకో దేశపు పిల్లలు అవే లెక్కలు చేస్తూ కనిపిస్తారు. 2010లో పదకొండు లక్షల మందికి పైగా పాల్గొని, దాదాపు 48 కోట్ల సరైన జవాబులిచ్చి గిన్నిస్ పుస్తకానికెక్కారు. సరదాగా ఉంటుంది, ఎక్కాలు నోటికొస్తాయి, లెక్కలంటే బెదురు పోతుంది. ఇవేవీ తీసిపారేసే లాభాలు కావు. కానీ వెయిల్ చెప్పిన నిలకడకు ఇక్కడ చోటెక్కడ? నిమిషంలో తేలే లెక్క ముందు మనసు నిలపనక్కర్లేదు, వేళ్లు కదిపితే చాలు. ఇరాన్‌లో బడిపిల్లగా ఉండగానే 1994, 1995 అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్లలో బంగారు పతకాలు తెచ్చుకుని, 2014లో ఫీల్డ్స్ మెడల్ అందుకున్న తొలి మహిళ మరియం మిర్జాఖానీ, తనది నిదానంగా ఆలోచించే బుర్ర అని చెప్పుకునేవారు. నిమిషం ఆటలో ఆవిడ ఎన్నో ర్యాంకులో ఉండేవారో ఊహించుకోవచ్చు.

ఇక పోటీ అన్నాక అందరూ ఒకే గీత దగ్గర నిలబడాలి. 2020 చివర్లో యునిసెఫ్, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం కలిసి ఇచ్చిన నివేదిక ప్రకారం, మూడు నుంచి పదిహేడేళ్ల లోపు పిల్లల్లో మూడింట రెండు వంతుల మందికి, అంటే 130 కోట్ల మందికి ఇంట్లో ఇంటర్నెట్ లేదు. మన దేశంలో పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ నివేదిక 2023లో పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల గ్రామీణ యువతను చూసింది. దాదాపు తొంభై శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. కానీ ఫోను వాడటం వచ్చిన అబ్బాయిల్లో 43.7 శాతానికి సొంత ఫోనుంటే, అమ్మాయిల్లో 19.8 శాతానికే ఉంది. అన్న ఇంటికొచ్చేదాకా, నాన్న భోజనం చేసి ఫోను పక్కన పెట్టేదాకా ఆగాల్సిన అమ్మాయికి సాయంత్రం ఆరింటికి మొదలయ్యే పోటీలో వచ్చే ర్యాంకు ఆమె తెలివిని కొలిచిందా, ఆ ఇంటి ఆనవాయితీని కొలిచిందా? అదే నివేదికలో ఇంకో అంకె ఉంది. ఆ వయసువాళ్లలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు సగం మంది కూడా లేరు. వాళ్లకు పోటీ కాదు, పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి. పోటీల ప్రకటనల్లో ఈ పిల్లలు కనిపించరు.

ర్యాంకు మోజు గురించి తెలుగువాళ్లకు ఎవరో చెప్పాల్సిన పని లేదు. ఫలితాలొచ్చిన రోజు టీవీలో 'ఒకటి, ఒకటి, ఒకటి' అని మోగే గొంతు ఇక్కడ పండుగ బాజా కన్నా బాగా గుర్తుంటుంది. ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. కేంబ్రిడ్జిలో గణిత పరీక్ష ర్యాంకులను వరుసగా చదివి వినిపించే ఆచారం 1909 దాకా సాగింది. ఆ వరుసలో నాలుగో స్థానం తెచ్చుకున్న గణితవేత్త జి.హెచ్. హార్డీయే ఆ పరీక్ష గణితాన్ని పాడుచేస్తోందని పోరాడారు. 1913లో మద్రాసు నుంచి వచ్చిన ఉత్తరం విప్పి, కాలేజీ స్థాయి ఎఫ్.ఏ. పరీక్షలో తప్పిన రామానుజన్‌ను గుర్తుపట్టింది కూడా ఆ హార్డీయే. రామానుజన్ తన సూత్రాలు నామక్కల్ నామగిరి అమ్మవారు ఇచ్చినవని నమ్మారు. హార్డీ ఏ దేవుణ్నీ నమ్మలేదు. ర్యాంకు చూసి మనిషిని తూచరాదన్న విషయంలో మాత్రం ఆస్తికుడి జీవితం, నాస్తికుడి వాదన ఒక్కచోటికే చేరాయి.

అయితే ఇక్కడ ఒక ఎదురు ప్రశ్న వేయాల్సిందే. ఫెలోషిప్ చేతిలో ఉన్న హార్డీ ర్యాంకులను చీదరించుకోవడం తేలిక. ఫీజు కట్టలేని ఇంటి పిల్లకు 'ఫలం మీద ఆశ వద్దు' అని చెప్పడం ఎంతవరకు ధర్మం? ఆమెకు ఆ ఫలమే దారి.

బ్రెజిల్‌కు ఈ సంగతి బాగా తెలుసు. అక్కడి గణిత పరిశోధనా సంస్థ ఇంపా 2005లో ప్రభుత్వ బడుల కోసం ఒక ఒలింపియాడ్ మొదలుపెట్టింది. ఏటా కోటీ ఎనభై లక్షల మంది దాకా రాస్తారు, దేశంలో దాదాపు ప్రతి పురపాలక ప్రాంతం నుంచీ పిల్లలుంటారు. తొలి దశ పరీక్ష ఎవరి బడిలో వాళ్లకే, కాగితం మీదే. పాత ప్రశ్నలు, పాఠాల వీడియోలు ఆన్‌లైన్‌లో ఉచితం. పతకం తెచ్చుకున్నవాళ్లకు నెలనెలా భృతి ఇచ్చి, ఏడాది పాటు పైస్థాయి గణితం నేర్పుతారు, దూరప్రాంతాల పిల్లలకు ఆ తరగతులు కూడా ఆన్‌లైన్‌లోనే. ఈశాన్యాన పియావీ రాష్ట్రంలో కొకాల్ దోస్ ఆల్వెస్ అనే చిన్న పేద ఊరు ఈ పతకాల వల్లే దేశమంతటా పేరుకెక్కింది. ఆ ఊరి పిల్లలకు పతకం అహంకారానికి ఆహారం కాలేదు, విశ్వవిద్యాలయానికి బస్సు టికెట్ అయింది. వాళ్లముందు నిష్కామకర్మ గురించి ఉపన్యసించేవాళ్లు కాస్త సిగ్గుపడాలి.

అలాగని గీత చెప్పింది తప్పవుతుందా? గీతాబోధ జరిగింది ఆశ్రమంలో కాదు, గెలుపోటములు తేల్చుకునే కురుక్షేత్రంలో. బాణం పట్టుకోవద్దని కృష్ణుడు అనలేదు, పట్టుకున్న క్షణంలో చూపు ఎక్కడుండాలో చెప్పాడు. ఫలం ఉండడం వేరు, పని చేస్తున్నంతసేపూ ఫలాన్ని కళ్లముందు ఆడించడం వేరు. ఈ తేడా పట్టుకుంటే ఆన్‌లైన్ పోటీలను ఎక్కడ తప్పుపట్టాలో తేలుతుంది. బహుమతి ఇవ్వడం తప్పు కాదు. లెక్క చేస్తున్న పిల్ల ముందు సెకన్ల ముల్లును, క్షణక్షణం మారే స్థానాల పట్టికను తిప్పుతూ ఉండడం తప్పు. ఆ పట్టిక పెట్టింది పిల్ల చదువు కోసం కాదు, యాప్ వదిలి వెళ్లకుండా ఉండడం కోసం.

ఆ ముల్లు లేకుండా దూరాన్ని దాటిన పోటీలు ఇంటర్నెట్‌కు ముందే ఉన్నాయి. హంగరీలో డానియెల్ అరాని అనే బడిపంతులు 1894లో గ్యోర్ పట్నం నుంచి గణిత మాసపత్రిక మొదలుపెట్టాడు. ప్రతినెలా ప్రశ్నలు అచ్చయ్యేవి, పిల్లలు తీరిగ్గా ఆలోచించి పోస్టులో పరిష్కారాలు పంపేవాళ్లు, మంచివి పేరుతో సహా వచ్చే సంచికల్లో పడేవి. పాయింట్లున్నాయి, పోటీ ఉంది, కానీ గడువు నిమిషాల్లో కాదు, వారాల్లో. గణితవేత్త పాల్ ఎర్డోష్ కుర్రతనంలో ఆ పేజీల్లో పెరిగినవాడే. యుద్ధాలకు ఆగి ఆగి అయినా ఆ పత్రిక ఇవాళ్టికీ నడుస్తోంది, ఇప్పుడు పరిష్కారాలు ఇంటర్నెట్‌లోనూ తీసుకుంటోంది.

సోవియట్ దేశంలో 1964లో గణితవేత్త ఇజ్రాయెల్ గెల్ఫాండ్ మాస్కో విశ్వవిద్యాలయం తరఫున ఉత్తరాల ద్వారా నడిచే గణిత పాఠశాల పెట్టారు. మంచి పంతులు దొరకని మారుమూల ఊళ్ల పిల్లల కోసం పెట్టిన బడి అది. గెల్ఫాండ్ స్వయంగా ఉక్రెయిన్‌లోని ఓ చిన్న ఊరి నుంచి వచ్చి, బడిచదువు పూర్తికాకుండానే గణితంలో అడుగుపెట్టిన మనిషి. ఆ బడిలో ఒక చక్కని ఏర్పాటుంది. ఒకే బడికి చెందిన కొందరు పిల్లలు కలిసి, ఒకే విద్యార్థిగా పేరు నమోదు చేసుకోవచ్చు. లెక్క అందరూ కలిసి చేస్తారు, జవాబు కాగితం ఒక్కటే వెళ్తుంది. ర్యాంకు ఎవరిదో చెప్పడానికి వీల్లేని చదువు.

ఫోను యుగంలోనూ ఇలాంటిది ఒకటి నడిచింది. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో లారీ బట్‌గెరైట్ అనే పరిశోధకురాలు 2007లో 'డాక్టర్ మ్యాథ్' ప్రారంభించారు. అప్పటికి అక్కడి కుర్రకారు చేతుల్లో ఉన్నవి మామూలు ఫోన్లు, వాటిలో ఎస్సెమ్మెస్ కన్నా ఎంతో చౌకైన మిక్సిట్ అనే చాటింగ్. హోంవర్క్ వేళ పిల్లలు అందులో లెక్క అడిగితే, అవతల ప్రిటోరియా విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ విద్యార్థులు దారి చూపేవాళ్లు. జవాబు చేతిలో పెట్టడం కాదు, తర్వాతి మెట్టు ఏమిటో ఆ పిల్లచేతే చెప్పించడం. కొద్దిమంది కోసం మొదలుపెడితే, ఆ నోటా ఈ నోటా పడి సంఖ్య వేలల్లోకి పోయింది. పిల్లల భద్రత కోసం అడిగేవాళ్లెవరో చెప్పేవాళ్లకు తెలియకుండా ఉంచారు. చిన్న చిన్న అంకగణితపు ఆటలు, పోటీలు కూడా చేర్చారు, కానీ అవి పక్కవాయిద్యాలే. పేరు లేని పిల్లకు ముఖం తెలియని అన్నయ్య లెక్క చెప్పడంలో వెయిల్ కోరిన నిలకడ రెండువైపులా ఉంది.

గుట్టుగా ఉండటంలో ఒక చిక్కూ ఉంది. ఎవరూ చూడనప్పుడు మనిషి నిజాయితీగా ఉంటాడా అని ప్లేటో తన 'రిపబ్లిక్'లో మాయ ఉంగరం కథ ద్వారా అడిగాడు. అది వేలికి పెట్టుకుంటే మనిషి ఎవరికీ కనపడడు. ఇంట్లో ఫోనుతో రాసే పోటీలో ప్రతి పిల్ల వేలికీ ఆ ఉంగరం ఉన్నట్టే. కోవిడ్ వల్ల 2020లో అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌ను రష్యా నుంచి ఆన్‌లైన్‌లో నడిపినప్పుడు, 105 దేశాల 616 మంది ఎవరి దేశంలో వాళ్లు కెమెరాల ముందు, పర్యవేక్షకుల ఎదుట రాశారు. ఉంగరాన్ని లాగేసుకోవడం ఒక పద్ధతి. 2003 నుంచి ఉచితంగా నడుస్తున్న 'పర్పుల్ కామెట్' పోటీ ఇంకో పద్ధతి పట్టుకుంది. ఆరుగురి దాకా జట్టుకట్టి, తమ బడిలో పెద్దవాళ్ల పర్యవేక్షణలో రాస్తారు, నిర్వాహకులు ఆ పెద్దమనిషి మాటను నమ్ముతారు. మోసం జరగదని కాదు. పక్కన నలుగురు స్నేహితులు ఒకే లెక్క మీద తల బద్దలుకొట్టుకుంటుంటే, జవాబు ఎక్కడో వెతికి తేవడం కాస్త సిగ్గనిపిస్తుంది. కెమెరా కన్నా ఆ సిగ్గు మీద ఆధారపడటమే మేలు, ఖర్చూ తక్కువ.

కాబట్టి బీద దేశాల పిల్లల కోసం పోటీ పెట్టేవాళ్లను ఎంతమంది పాల్గొన్నారని కాదు, ఓడినవాళ్లకు ఏం మిగిలిందని అడగాలి. లక్షమంది రాస్తే తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల పైచిలుకు మందికి పతకం రాదు, పోటీ ఎక్కువగా వాళ్లదే. చాలా పోటీల్లో వాళ్లకు మిగిలేది ఒక స్థానం నంబరు, పాల్గొన్నట్టు ఒక సర్టిఫికెట్. తప్పిన లెక్క మళ్లీ కళ్లబడదు. వెయిల్ పెట్టిన రెండో షరతు అక్కడే గాలికి పోతుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పోటీలు నడిపే సంస్థలు, విద్యాశాఖ అధికారులు, స్వచ్ఛందంగా లెక్కలు చెప్పే ఇంజనీరింగ్ విద్యార్థులు ఒక్క పని చేయాలి. ఫలితాల జాబితా పెట్టేముందు ప్రతి లెక్కకూ పూర్తి పరిష్కారం తెలుగులో పెట్టండి. తప్పిన లెక్కను వారం రోజుల్లోగా మళ్లీ చేసి పంపే వీలివ్వండి, గెలిచినవాళ్ల పేర్లు ఆ తర్వాత ప్రకటించండి.