నడిచే కెమెరా, ఆగవలసిన చోటు



మొన్నటి తపస్సు కాలంలో మా సిరికొండ ప్రాంతంలోని ఒక పల్లెకు గల్ఫ్ నుండి పెట్టె వచ్చింది. మన నిజామాబాదు జిల్లాలో ఈ మాట అంటే చాలు, ఎవరూ వివరం అడగరు. శంషాబాద్ విమానాశ్రయం నుండి అంబులెన్సులో తెల్లవారుజామున చేరిన ఆ పెట్టెలో ముప్పై ఏళ్లు నిండని యువకుడున్నాడు. బీడీలు చుట్టే తల్లులు చాటలు పక్కన పెట్టి వాకిలి నిండా నిలబడ్డారు.

ఇంటి నుండి గుడికి బయలుదేరే వేళ ఒక కుర్రవాడు సెల్‌ఫోను పైకెత్తాడు. పెండ్లిళ్లకు వీడియోలు తీసేవాడే. నడుస్తున్నా బొమ్మ అదరకుండా ఉండేందుకు ఫోనుకు గింబల్ తగిలించుకున్నాడు. నాకు కోపం వచ్చింది. "బాబూ, ఇదేమైనా పెండ్లి ఊరేగింపా? ఆపెయ్" అన్నాను. అతడు తల వంచుకొని, "పెద్దకొడుకు మస్కట్ల ఉన్నడు ఫాదర్. సెలవు దొరకలే. ఆయన కోసం తీస్తున్న" అన్నాడు. నా నోట మాట రాలేదు.

అతడు ఇంటి గడప నుండి గుడి ద్వారం వరకు, ఎక్కడా ఆపకుండా, పెట్టె పక్కనే నడుస్తూ ఒకే ముక్కగా తీశాడు. దారిలో తల్లి పెట్టె మీద పడిపోయింది. వెంటనే నాలుగైదు ఫోనులు ముందుకు దూసుకొచ్చి ఆమె ముఖం మీద వాలాయి. ఈ కుర్రవాడు మాత్రం ఆగి, కెమెరాను దారి పక్క వేపచెట్టు వైపు తిప్పి, ఆమెను లేపి నడిపించేదాకా అలాగే ఉంచాడు. ఏడుపు వినబడుతూనే ఉంది. ముఖం మాత్రం కనబడలేదు.

వారం తర్వాత మస్కట్ నుండి పెద్దకొడుకు ఫోను చేశాడు. "నేను గూడ తమ్మునితోని నడిచిన ఫాదర్" అన్నాడు. సంతాప సందేశాలూ, పూలదండల ఫోటోలూ ఆయనకు ఎన్నో అందాయి. కాని నడిచినట్లు అనిపించింది ఆ ఒక్క వీడియోతోనే. ఎందుకని? ఈ ప్రశ్న అప్పటి నుండి నన్ను విడిచిపెట్టలేదు.

కెమెరా నడక కొత్తది కాదు. సినిమా పుట్టిన మరుసటి ఏడే, 1896లో, లూమియేర్ సోదరుల ఛాయాగ్రాహకుడు ప్రోమియో వెనిస్ నగరంలో పడవ మీద కెమెరా పెట్టి ఒడ్డున ఉన్న మేడలను తీశాడు. తరువాత పట్టాలు వేసి, బండి మీద కెమెరాను నెట్టడం వచ్చింది. మనవారు దానినే ట్రాలీ షాట్ అంటారు. 1970ల నడుమ గారెట్ బ్రౌన్ అనే అమెరికను స్టెడీకామ్ కనిపెట్టాక మనిషి కెమెరాను ఒంటికి కట్టుకొని మెట్లెక్కినా, పరుగెత్తినా బొమ్మ కుదుపు లేకుండా వచ్చింది. మన తెలుగులో దానికి పేరు తెచ్చినది 1989లో రాంగోపాల్ వర్మ తీసిన 'శివ'. ఛాయాగ్రాహకులు ఎస్. గోపాలరెడ్డిగారు. నాగార్జున చిన్నపిల్లను సైకిలు మీద ఎక్కించుకొని సందుల వెంట పారిపోతుంటే, విద్యార్థులమైన మేము కుర్చీ చేతులు గట్టిగా పట్టుకొని కూర్చున్నాము.

ఆనాటి ఫిల్ము చుట్ట వెయ్యి అడుగులు. అంటే సుమారు పదకొండు నిమిషాలు. అంతకు మించి ఒక షాట్ సాగదు. హిచ్‌కాక్ 1948లో 'రోప్' చిత్రాన్ని పొడవైన షాట్లతో తీసి, అతుకులలో కొన్నింటిని ఒకరి కోటు వెనుక దాచవలసి వచ్చింది. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ హద్దు పోయింది. 2002లో విడుదలైన సొకురోవ్ చిత్రం 'రష్యన్ ఆర్క్' గంటన్నర పాటు హెర్మిటేజ్ భవనమంతా తిరిగే ఒకే ఒక షాట్. 2025లో ఇంగ్లండు నుండి వచ్చిన 'అడోలసెన్స్' ధారావాహికలో నాలుగు భాగాలు, ఒక్కో భాగం ఒక్కో షాట్. తోటి విద్యార్థినిని చంపిన కేసులో పట్టుబడిన పదమూడేళ్ల బాలుని కథ అది. పోలీసు ఠాణాలో తండ్రి కూర్చుంటే మనమూ కూర్చోవలసిందే. కత్తిరింపు వచ్చి మనలను బయటికి తీసుకుపోదు. పిల్లలు గదిలో తలుపు వేసుకొని ఏమి చూస్తున్నారో ఎరుగని తల్లిదండ్రులకు ఆ కూర్చోవడం ఎంత కష్టమో నేను చెప్పనక్కరలేదు.

దీని మీద లోతుగా ఆలోచించినవారిలో ఒకరు కతోలికుడు. ఆయన ఫ్రాన్సు దేశపు విమర్శకుడు ఆంద్రే బజాఁ. నలభై ఏళ్లకే, 1958లో, కన్నుమూశారు. ముక్కలు ముక్కలుగా కోసి అతికించిన దృశ్యంలో దర్శకుడే మన కళ్లను పట్టుకొని ఇది చూడు, అది చూడు అని తిప్పుతాడనీ, కోత లేని పొడవైన దృశ్యంలో ఏది చూడాలో మనమే ఎంచుకుంటామనీ ఆయన వాదం. అంటే చూసేవాని స్వేచ్ఛకు అక్కడ గౌరవముంది. ఇంకొకటి: అక్కడ కాలం కాలంగానే గడుస్తుంది. పునీత అగస్టీనువారు తమ 'ఒప్పుకోలు' పదకొండవ పుస్తకంలో కాలాన్ని గడియారంలో కాక మనిషి మనసులో వెదికారు. గడిచినది జ్ఞాపకంగా, ఉన్నది ధ్యాసగా, రానున్నది ఎదురుచూపుగా మనసు సాగి నిలుస్తుందన్నారు. మస్కట్‌లోని అన్నకు జరిగింది ఇదేననుకుంటాను. తెలిసిన ప్రతి మలుపూ జ్ఞాపకంగా వచ్చింది. గుడి ఇంకా రాలేదన్నది ఎదురుచూపయింది. దారి ఎంత పొడవో ఆయన దుఃఖానికీ అంత సమయం దొరికింది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజులలో అయితే నేను ఇక్కడే వ్యాసం ముగించి, పొడవైన షాట్ సత్యం, కోత అబద్ధం అని తేల్చేవాడిని. ఇప్పుడు అలా అనలేను. నడిచే కెమెరా వెనుక కూడా ఒక మనిషి ఉన్నాడు. ఏ దారిన నడవాలో, ఎక్కడ తిరగాలో అతడే నిర్ణయిస్తాడు. అసలు కోత లేకపోవడమే గొప్ప అయితే, బ్యాంకు గోడ మీది సీసీ కెమెరా కంటే గొప్ప కళాకారుడు లేడు. అది రాత్రింబవళ్లు రెప్పవేయక చూస్తుంది, కాని ఎవరికీ తోడు నిలవదు.

కెమెరా నడక పాపం కూడా కాగలదని సినిమా లోకంలోనే ఒక పెద్ద తగవు నడిచింది. 1960లో ఇటలీ దర్శకుడు పొంటెకొర్వో 'కాపో' అనే చిత్రం తీశారు. నాజీల నిర్బంధ శిబిరంలో ఒక స్త్రీ కరెంటు కంచె మీద పడి ప్రాణం తీసుకుంటుంది. అప్పుడు కెమెరా మెల్లగా ఆ శవం వైపు కదిలి, బొమ్మ చక్కగా కుదిరేలా నిలుస్తుంది. మరుసటి ఏడు జాక్ రివెత్ అనే యువ విమర్శకుడు ఆ ఒక్క కదలిక కోసం దర్శకుని తీవ్రంగా నిందించాడు. పొంటెకొర్వో చెడ్డవాడేమీ కాదు. యూదుడు, ఫాసిస్టులతో పోరాడినవాడు. శిబిరాల ఘోరం లోకానికి తెలియాలనే ఆ చిత్రం తీశాడు. అయినా ఒక మనిషి మరణం ముందు నిలబడి బొమ్మ అందంగా కుదిరిందా అని చూసుకోవడంలో ఏదో తప్పింది. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు.

మరి వేపచెట్టు వైపు తిరిగిన కెమెరాకూ, తల్లి ముఖం మీదికి దూసుకుపోయిన కెమెరాలకూ తేడా ఎక్కడ? దూరంలోనా? కాదు. మంచి సమరీయుని కథలో (లూకా 10) యాజకుడు చూశాడు, లేవీయుడు చూశాడు, సమరీయుడూ చూశాడు. చూపు ముగ్గురికీ ఉంది. మొదటివాడు యాజకుడన్న సంగతి నేను చదివినప్పుడల్లా గుచ్చుకుంటుంది. సమరీయుడు దగ్గరకు వెళ్లాడు. కాని దగ్గరకు వెళ్లడమే మేలైతే, కంచె దగ్గరకు కదిలిన కెమెరా కూడా దగ్గరకే వెళ్లింది. సమరీయుడు దగ్గరకు వెళ్లింది గాయం కట్టడానికి. ఎందుకు దగ్గరవుతున్నావన్నదే ప్రశ్న. ఆ మనిషి కోసమా, మన చూపు ఆకలి కోసమా? కుర్రవాడు అన్న కోసం నడిచాడు, తల్లి కోసం ఆగాడు. ఆ రెండూ ఒకే ప్రేమలో భాగాలు.

నా తప్పు కూడా చెప్పాలి. ఆ సాయంత్రమే తల్లి ఏడుపును దగ్గరగా తీసిన వీడియో ఒకటి నా ఫోనుకు కూడా వచ్చింది. చివరి వరకు చూశాను. ఎంత బాధ అనుకున్నాను. మరుసటి వీడియోకు వేలు జరిపాక తెలిసింది, ఆమె కోసం ఒక చిన్న ప్రార్థన అయినా చేయలేదని. ఉదయం కుర్రవాణ్ణి గద్దించినవాడిని నేనే.

అందుచేత మన కుటుంబాలకు నా మనవి ఇంతే. ఫోను తీయవద్దని నేను అనను. దూరాన ఉన్న బిడ్డలకు అది కన్నూ కాలూ అయింది. కాని తీసేముందు, ఇది ఎవరి కోసమని అడుగుదాం. రోడ్డు మీద రక్తం కనబడితే ముందు చేతులు పనిచేయాలి. వచ్చిన ప్రతి వీడియోనూ పంపేముందు, అందులో ఉన్నది నా తల్లి అయితే పంపుతానా అని అడుగుదాం. పిల్లలతో కూర్చొని సినిమా చూసినప్పుడు, కెమెరా ఇక్కడికి ఎందుకు వెళ్లిందని వారినే అడగండి. వారు మనకంటే బాగా చెబుతారు.

ప్రతి తపస్సు కాలంలో మనం సిలువ మార్గంలో పదునాలుగు స్థలాలు నడుస్తాం. అక్కడ బొమ్మలు కదలవు, మనమే కదులుతాం. ఆరవ స్థలంలో వెరోనికమ్మ ఉంటుంది. సువార్తలలో ఆమె పేరు లేదు, సంప్రదాయమే మనకు ఆమెను ఇచ్చింది. ఫోటోలు తీసేవారు ఆమెను తమ పాలక పునీతురాలిగా ఎంచుకున్నారు. క్రీస్తునాథుని ముఖచిత్రం ఆమెకు దక్కింది నిజమే. కాని గుంపును తోసుకొని ఆమె ముందుకు వెళ్లింది చిత్రం కోసం కాదు, చెమటా నెత్తురూ కారుతున్న ఆ ముఖాన్ని తుడవడానికి.