అనాథకు పూచీ యెవరు?

'అనాథ' యను మాటలో ధనమును గూర్చిన ప్రసక్తియే లేదు. నాథుడు, అనగా ఆశ్రయమిచ్చి కాపాడువాడు, లేనివాడే అనాథ. లోకము మాత్రము ఈ మాటను బీదవానికి మారుపేరుగా నెంచి, అన్నవస్త్రము లొసగినచో అనాథత్వము తీరిపోయినదని తృప్తి చెందుచున్నది. అందువలన మనము చేయు సహాయము సగము దారిలోనే నిలిచిపోవుచున్నది.

2015 నాటి బాలల న్యాయ చట్టము ననుసరించి, సంరక్షణ గృహములందు పిల్లలకు 18 ఏండ్లు నిండువరకే ఆశ్రయము. పిదప 21 ఏండ్ల వరకు తోడ్పాటునకు ఆ చట్టమే అవకాశము కల్పించినది. మిషన్ వాత్సల్య పథకమున అట్టివారికి నెలకు 4,000 రూపాయలు నిర్ణయింపబడినవి. తల్లిదండ్రులున్న యింట కుమారునకు 18వ యేడు వచ్చుట వేడుక. అనాథకో, అది తలదాచుకొన్న చోటును విడువవలసిన గడువు.

అట్టి యువకునకు చిన్న వర్తకము సహజమైన మార్గము. నులియ చందయ్య గడ్డిత్రాళ్లు పేని అమ్మెను. మోళిగె మారయ్య కట్టెలమ్మి జీవించెను. బసవేశ్వరుని కల్యాణమున ఇట్టి వృత్తులను ఎవరును చిన్నచూపు చూడలేదు. కాయకము చేసినవాడే దాసోహము చేయగలడు. కనుక వర్తకము అనాథకు కడుపు నింపుకొను ఉపాయము మాత్రమే కాదు. ఇంతకాలము పుచ్చుకొనిన చేయి ఇచ్చెడి చేయిగా మారుటకు ద్వారము. ఒకనికి నిత్యము అన్నము పెట్టుచు, పెట్టెడి భాగ్యమును మాత్రము వానికి దక్కనీయకుండుట దయ యనిపించుకొనునా?

మరి ఆ ద్వారము తెరచుకొనుటకు అడ్డమేమి? ధనము లేమియే యని పలువురందురు. మన హైదరాబాదు గన్‌ఫౌండ్రీని చూడుడు. ఫ్రెంచి సేనాని రేమాండు నిజాము కొలువున ఫిరంగులు పోతపోయించిన ఆ 'తోప్ కా సాంచా' పేటయందే, తరువాతి కాలమున స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ప్రధాన కార్యాలయము నెలకొన్నది. ఆ బ్యాంకు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో విలీనమైనది. అచ్చటికి కూతవేటు దూరముననే, ఆదివారమునాడు ఆబిడ్స్ కాలిబాటలపై పాత పుస్తకముల అంగళ్లు వెలయును. ఒక వంక బ్యాంకు, మరియొక వంక నేలమీద పరచిన గుడ్డపై వర్తకము. ఈ రెంటినడుమ దూరము తగ్గించు యత్నములు జరుగకపోలేదు. ముద్ర పథకమున 'శిశు' తరగతి క్రింద 50,000 రూపాయల వరకు తాకట్టు లేకయే ఋణమిత్తురు. 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకము వీధివర్తకులకు మొదటి విడత 10,000 రూపాయలిచ్చినది. 2025లో ఆ మొత్తమును 15,000కు పెంచిరి.

అయినను వర్తకము రొక్కముతో మాత్రమే నడవదు, ఉద్దెరతో నడచును. టోకు వర్తకుడు సరుకు అరువిచ్చుటకు ముందు, గది యజమాని తాళపుచెవి యిచ్చుటకు ముందు, అడుగు ప్రశ్న యొక్కటే: "నీవెవరి అబ్బాయివి?" అనాథ ఆగిపోవునది ఇచ్చటనే.

పైగా ఋణము ఒక్కొకప్పుడు ఉరియగును. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల యొత్తిడికి తాళలేక ప్రాణములు తీసుకొన్నవారి వార్తలు ముసురుకొనగా, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసివచ్చెను. ఇల్లున్నవాడు నష్టపోయినచో ఇంటికి మరలిపోవును. ఇల్లు లేనివాడు ఎచ్చటికి పోవును? 1976లో బంగ్లాదేశపు జోబ్రా గ్రామమున మహమ్మద్ యూనస్ 42 మందికి మొత్తము 27 డాలర్లు అప్పిచ్చెను. పిమ్మట ఆయన గ్రామీణ బ్యాంకు తాకట్టునకు మారుగా అయిదుగురు పొరుగువారి జట్టును నిలిపినది. పొరుగువారే లేనివానికి ఆ జట్టు ఎట్లు కుదురును?

కావున అనాథకు మనమీయవలసినది పెట్టుబడికంటె ముందు పూచీ. అంగడిగల ప్రతి గృహస్థుడును ఒక్క యువకుని చేరదీయవచ్చును. కులగోత్రము లడుగక, తగిన జీతమిచ్చి, ఒకటి రెండేండ్లు తూకము, లెక్క, బేరము నేర్పవచ్చును. బ్యాంకు ఖాతా వాని పేరనే యుండవలెను. నేర్పినందుకు వానిని కట్టివేయరాదు. తరువాత టోకు బజారునకు వెంటబెట్టుకొని పోయి, మొదటి సరుకునకు తాను మాట యీయవలెను. మొదటి నష్టమును తానే భరింపవలెను.

"నష్టము మరియొకరిదైనచో వాడు సోమరి కాడా?" యని యడుగవచ్చును. మన కుమారులకు మొదటి అంగడి పెట్టించునపుడు ఈ శంక మనకు కలుగుచున్నదా? ఒకమారు చెడినచో రెండవమారు నిలుపుచున్నాము గదా! దానిని సోమరితనము నేర్పుట యనము; కన్నవారి ధర్మమందుము. అదే ధర్మమును కన్నవారు లేనివానికి నిరాకరించుట న్యాయము కాదు.

సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార స్వామీజీ (1907–2019) వేలాది పేదపిల్లలకు అన్నము, ఆశ్రయము, అక్షరము అను మూడు దాసోహములు జరిపిరి. ఆ పిల్లవాడు చదువు ముగించి వీధిలోనికి వచ్చిన దినమున నాల్గవ దాసోహము మన వంతు. "ఎవరి అబ్బాయి?" యని బజారు అడిగినపుడు, వాని ప్రక్కన నిలిచి "మా అబ్బాయి" యని బదులు చెప్పుటయే అది. దానికి పైకము కొంచెమే పట్టును. ధైర్యము మాత్రము మెండుగా కావలెను.