నిజానికి గడి లేదు

జీతం తీసుకుని పలికే ఓదార్పు అబద్ధం కిందికి వస్తుందా? మాదాపూర్‌లో ఒక పెద్ద కంపెనీకి తెలుగు వాయిస్ ప్రాసెస్ ఇంటర్వ్యూలు చేసే పని నాది. మార్కులు వేసే కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది.

మాక్ కాల్‌లో కస్టమర్‌ని నేనే. "ఏటీఎంలో పదివేలు కొట్టానమ్మా. డబ్బులు రాలేదు, కట్ అయినట్టు మెసేజ్ మాత్రం వచ్చింది. రేపు మా ఆవిడకి ఆపరేషన్" అంటాను. ఒకబ్బాయి ఎంత చక్కగా మాట్లాడాడో! "మీ బాధ నాకు అర్థమైంది సార్. నిశ్చింతగా ఉండండి, 24 గంటల్లో డబ్బు మీ ఖాతాలో పడుతుంది." గొంతులో ఎక్కడా తొట్రుపాటు లేదు. తర్వాత సూర్యాపేట వైపు అమ్మాయి వచ్చింది. ఊళ్లో బ్యాంక్ మిత్ర దగ్గర పనిచేసిందట. నా మాట విని కాసేపు ఆగింది. "ఆపరేషన్ రేపే అంటున్నరు కాబట్టి ముందే చెప్తున్న సార్, ఈ పైసలు రేపటికి వస్తయని ఆశ పెట్టుకోకండి. వేరే ఏర్పాటు చూసుకోండి. బ్యాంకుకు 5 రోజుల గడువుంటది. అది దాటితే రోజుకు 100 రూపాయల లెక్కన వాళ్లే మీకు కట్టియ్యాలె. ఆ మెసేజ్ మాత్రం తీసెయ్యకండి."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు అదే చెప్తుంది. అయినా "కస్టమర్‌ని నిరాశపరిచింది" అని ఎంపతీ కింద ఆమెకి మార్కులు తగ్గాయి. ఆ కాగితంలో టోన్‌కి గడి ఉంది, ఫ్లూయెన్సీకి ఉంది, కాల్ ముగించే తీరుకీ ఉంది. నిజానికి లేదు.

గీత పదిహేడో అధ్యాయం మాటని కూడా తపస్సుగా లెక్కేస్తుంది. ఆ మాట ఎదుటివాణ్ణి కలవరపెట్టకూడదు, నిజమై ఉండాలి, ప్రియంగా ఉండాలి, హితం చెయ్యాలి. నాలుగూ కుదరనప్పుడు ఏది వదులుకోవాలి? దీనికి సూటి జవాబు నాకు బౌద్ధుల మజ్ఝిమ నికాయంలో దొరికింది. అప్రియమైన మాట మీరు పలుకుతారా అని అభయ రాకుమారుడు బుద్ధుణ్ణి అడుగుతాడు. అప్పుడు రాకుమారుడి ఒళ్లో ఒక పసివాడున్నాడు. వీడు పుల్లో రాయో నోట్లో వేసుకుంటే ఏం చేస్తావంటాడు బుద్ధుడు. రక్తం వచ్చినా సరే తీసేస్తాను, వీడంటే నాకు దయ కదా అంటాడు రాకుమారుడు. నిజమూ హితమూ అయిన మాట చేదుగా ఉన్నా, బుద్ధుడు సమయం చూసి చెప్తాడు. నిజం కానిది ఎంత తీయగా ఉన్నా చెప్పడు.

ఆ అమ్మాయి మాటలో దయ లేదంటే నాకు మింగుడు పడదు. ఆపరేషన్ రేపేనన్న సంగతి చెవిన పెట్టింది ఆమె ఒక్కతే.

ఉద్యోగంలో చేరాక చదివే స్క్రిప్ట్ కంపెనీది, చదివినవాడి తప్పేముందని మా ప్యానెల్‌లో కొందరంటారు. నేనొప్పుకోను. భారతంలో అశ్వత్థామ చచ్చాడని చెప్పమన్నది కృష్ణుడు. కానీ అప్పటిదాకా భూమికి నాలుగంగుళాల ఎత్తున నడిచి, ఆ మాటతో నేలకి దిగిన రథం ధర్మరాజుది. చివరికి నరకం చూడవలసి వచ్చిందీ ఆయనకే. చెప్పించినవాడు సాక్షాత్తూ దేవుడైనా, పలికిన మాటకి బాధ్యత నాలుకదే.

"మీ బాధ అర్థమైంది" అన్న మాటతో నాకు పేచీ లేదు. శ్రద్ధగా విన్నవాడి నోట అది నిజమే. దక్షిణ పుచ్చుకున్నాడని పురోహితుడి ఆశీర్వచనం వట్టిదైపోతుందా? ఆ అబ్బాయి అబద్ధమాడింది ఓదార్చినప్పుడు కాదు, 24 గంటలన్నప్పుడు.

ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలూ, తెలియనిది అడిగితే కనుక్కుని చెప్తామనండి. గడువు తెలిస్తే అసలు గడువే చెప్పండి. అందుకు మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. ప్యానెళ్లలో కూర్చునే నాతోటివాళ్లూ, ఆ కాగితంలో నిజానికి ఒక గడి గీయించండి, దానికే అన్నిటికన్నా ఎక్కువ మార్కులు పెట్టండి.